ఆరు మొక్కల లెక్క

‘గంజాయి వనంలో తులసి మొక్క’ అని మనకో మాట ఉంది. చెడ్డవాళ్ళ మధ్య పుట్టి పెరిగిన మంచి మనిషి గురించి అలా అంటాం. తులసికి ఇంట్లో కోట ఉంది, పొద్దున్నే నీళ్ళు పోసే ఇల్లాలుంది. గంజాయికి వనమే తప్ప ఇల్లు లేదు. ఒకటి గృహిణి మొక్క, రెండోది దొంగల మొక్క. రెండు మొక్కల్నీ ఇలా రెండు లోకాలకి పంచేసిన సామెతకి మూడో చోటు ఒకటుందన్న ఊహే లేదు. ఆ మూడో చోటు పెరడు. పెరట్లో, రసాయనాలు లేకుండా, కంపోస్టు వేసి, సొంతానికి పెంచుకున్న గంజాయి మొక్క చరిత్రను ఒక స్త్రీవాద పాఠకురాలిగా చదివితే ఏం కనిపిస్తుందో చెప్పడమే ఈ వ్యాసం పని.

గంజాయి అనగానే మన వార్తాపత్రికలు చదివేవాళ్ళకి విశాఖ ఏజెన్సీ గుర్తొస్తుంది. పాడేరు, చింతపల్లి ప్రాంతాల కొండవాలుల్లో బయటి వ్యాపారుల పెట్టుబడితో, ఆదివాసుల కష్టంతో సాగిన పంట అది. 2021లో ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో ఆంధ్రప్రదేశ్ పోలీసులు వేల ఎకరాల్లో దాన్ని నరికేశారు. ఆ పంట సంగతి వేరు. అది మొదటినుంచీ బజారు కోసం వేసిందే. దాని లాభం ఎవరికి, జైలు ఎవరికి అన్నది ఇంకో వ్యాసానికి సరిపడే విషయం. నేను అడుగుతున్నది బజారుకి పోని మొక్క గురించి. అమ్మని, కొనని, గుమ్మం దాటని మొక్కతో రాజ్యానికి పనేమిటి?

ఈ ప్రశ్న సూటిగా కోర్టుకెక్కిన సందర్భం ఒకటుంది. 2002 ఆగస్టు 15న ఉత్తర కాలిఫోర్నియాలోని బ్యూట్ కౌంటీలో డయాన్ మాన్సన్ అనే ఆమె ఇంటికి పోలీసులొచ్చారు. ఆమెకి తీవ్రమైన వెన్నునొప్పి. డాక్టరు సలహా మీద ఆరు గంజాయి మొక్కలు పెంచుకుంటోంది. కాలిఫోర్నియాలో 1996లో ప్రజలు ఓటేసి తెచ్చుకున్న ‘ప్రతిపాదన 215’ ప్రకారం జబ్బుపడ్డ మనిషి అలా పెంచుకోవచ్చు. వచ్చిన స్థానిక అధికారులు చూసి, ఇది చట్టబద్ధమే అన్నారు. వాళ్ళతో వచ్చిన ఫెడరల్ ఏజెంట్లు ఒప్పుకోలేదు. మూడు గంటల పాటు వాదన నడిచింది. చివరికి ఫెడరల్ వాళ్ళే గెలిచి ఆరు మొక్కల్నీ నాశనం చేశారు.

డయాన్ ఊరుకోలేదు. ఏంజెల్ రైష్ అనే మరో మహిళతో కలిసి ఫెడరల్ ప్రభుత్వం మీద కేసు వేసింది. ఏంజెల్‌కి చాలా జబ్బులు. తన మొక్కలు తను పెంచుకునే ఓపిక లేదు. ఇద్దరు సంరక్షకులు పైసా తీసుకోకుండా పెంచి ఇచ్చేవారు. రాష్ట్రాల మధ్య వాణిజ్యాన్ని నియంత్రించే అధికారం మాత్రమే రాజ్యాంగం ఫెడరల్ ప్రభుత్వానికి ఇచ్చింది కదా, మా పెరట్లో వాణిజ్యం ఎక్కడుంది అన్నది ఈ ఇద్దరి ప్రశ్న.

2005 జూన్ 6న సుప్రీం కోర్టు ఆరుగురు, ముగ్గురుగా చీలి జవాబిచ్చింది. వాణిజ్యం ఉందనే చెప్పింది. అందుకు ఆధారంగా 1942 నాటి ఒక గోధుమల కేసుని బయటికి తీసింది. రోస్కో ఫిల్‌బర్న్ ఒహాయో రాష్ట్రపు రైతు. 1941 పంటకి ప్రభుత్వం అతనికి కేటాయించింది 11.1 ఎకరాలు. అతను 23 ఎకరాలు వేశాడు. అదనంగా పండిన 239 బుషెళ్ళకి 117 డాలర్ల 11 సెంట్ల జరిమానా పడింది. నా పశువులకి, నా ఇంటి పిండికి, నా విత్తనానికి వేసుకున్నాను, అమ్మలేదు కదా అన్నాడతను. నువ్వు పండించుకోకపోతే కొనేవాడివి, నీలాంటివాళ్ళందరూ కొనడం మానేస్తే దేశంలో గోధుమ ధర కదులుతుంది, కాబట్టి నీ ఇంటి పిండి కూడా వాణిజ్యమే అంది కోర్టు. అరవై మూడేళ్ళ తర్వాత అదే తర్కం డయాన్ ఆరు మొక్కలకి వర్తించింది.

నేను చదువుకున్నది సాహిత్యం. తీర్పుల్ని కూడా కథనాల్లాగే చదవడం అలవాటు. ఈ తీర్పు మొదటిసారి చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఇది మనం దశాబ్దాలుగా గొంతు చించుకుని చెప్తున్న మాటే! ఇంట్లో వండకపోతే కొనాలి, ఇంట్లో సాకకపోతే ఆయాని పెట్టాలి, పెరట్లో పండించకపోతే బజారుకెళ్ళాలి. కాబట్టి ఇంటి పని ఆర్థిక కార్యకలాపమే, దేశ ఆదాయంలో దానికి చోటివ్వండి అని. న్యూజిలాండ్ పార్లమెంటు సభ్యురాలిగా పనిచేసిన మార్లిన్ వేరింగ్ 1988లో తెచ్చిన పుస్తకం మొత్తం ఈ వాదనే. ఆ పుస్తకాన్ని మెచ్చుకున్న ప్రభుత్వాలు చాలానే ఉన్నాయి, లెక్కలు మార్చినవి తక్కువ. 1993లో ఐక్యరాజ్య సమితి జాతీయ ఆదాయ పద్ధతిని సవరించినప్పుడు సొంతానికి పండించుకున్న సరుకు లెక్కలోకి రావాలన్నారు గానీ వంటా, సాకడమూ బయటే ఉండిపోయాయి.

మన దగ్గర సంగతి ఇంకా విచిత్రం. జాతీయ నమూనా సర్వేలో 92, 93 అని రెండు కోడ్‌లున్నాయి. 92 అంటే ఇంటి పని మాత్రమే చేసే మనిషి. 93 అంటే ఇంటి పనితో పాటు కట్టెలు, కూరగాయలు, పశువుల మేత ఏరుకొచ్చేది, ఇంటి కోసం కుట్టేది, నేసేది. ఈ రెండు కోడ్‌లవాళ్ళూ ‘శ్రామిక శక్తిలో లేనివాళ్ళే’. వాళ్ళని విడిగా అడిగిన ప్రశ్నల్లో పెరటి తోట చూసుకుంటారా అని కూడా ఒకటుండేది. చూసుకుంటామని చెప్పినా కోడ్ మారేది కాదు. మా అమ్మమ్మ పెరట్లో గోంగూర, చిక్కుడు పాదు, కాకర తీగ, వాము మొక్క, పిల్లల దగ్గుకి, పశువుల కడుపునొప్పికి ఇంకేవేవో ఆకులు ఉండేవి. ఇంట్లో సగం రోజులు కూర అక్కడినుంచే వచ్చేది. ఆవిడ జీవితమంతా ‘ఖాళీగా’ ఉన్న మనిషి. మరియా మీస్ 1982లో నర్సాపురం లేసు అల్లే స్త్రీల మీద తెచ్చిన పుస్తకం మనలో చాలామంది చదివిందే. విదేశాలకి ఎగుమతయ్యే సరుకు తయారుచేస్తున్న ఆడవాళ్ళు కూడా ‘తీరిక వేళ ఏదో అల్లుకునే గృహిణుల’ కిందే జమయ్యారని ఆమె చూపించింది.

ఇంటి శ్రమకి జీతం, పింఛను, గౌరవం అడిగితే అది వాణిజ్యం కాదంటారు. అదే పెరట్లో రాజ్యానికి నచ్చని మొక్క ఒకటి మొలిస్తే మాత్రం అది దేశపు బజారునే కదిలించే ఉత్పత్తి అయిపోతుంది. లెక్కపెట్టడం రాకపోవడం కాదిది. ఎప్పుడు లెక్కపెట్టాలో బాగా తెలియడం. ఆ రోజు బెంచి మీద ఇద్దరు మహిళా న్యాయమూర్తులున్నారు. రూత్ బాడర్ గిన్స్‌బర్గ్ మెజారిటీతో వెళ్ళింది. సాండ్రా డే ఓకానర్ అసమ్మతి రాసింది. గృహ కార్యకలాపాలన్నీ బజారు మీద ప్రభావం చూపేవే అనుకుంటే ఇక హద్దన్నదే మిగలదని ఆమె వాదన. మరో అసమ్మతి న్యాయమూర్తి క్లారెన్స్ థామస్ ఇంకో అడుగు వేసి, అలాగైతే బొంతలు కుట్టుకునే ఆడవాళ్ళ కూడికలని కూడా ఫెడరల్ ప్రభుత్వం నియంత్రించవచ్చునే అని ఎత్తిపొడిచాడు. స్త్రీవాదులు మామూలుగా మెచ్చుకునే మనిషి కాదాయన. కానీ పోలిక కోసం వెతికితే ఆయనకి దొరికింది కూడా ఆడవాళ్ళ ఇంటి పనే.

పెరటి మొక్కని రాజ్యం లెక్కలోకి తేవడం ఈ కోర్టుతో మొదలవలేదు. అంతకు నూటపదేళ్ళ ముందు మన గడ్డ మీదే దానికి పెద్ద ప్రయత్నం జరిగింది. 1893లో విలియం కెయిన్ అనే మద్యపాన వ్యతిరేక పార్లమెంటు సభ్యుడు లండన్‌లో లేవనెత్తిన ప్రశ్నతో ‘భారత గంజాయి కమిషన్’ ఏర్పడింది. మాక్‌వర్త్ యంగ్ అధ్యక్షుడు. మొత్తం ఏడుగురు సభ్యులు, నలుగురు బ్రిటిష్ అధికారులు, ముగ్గురు భారతీయులు. ఆడవాళ్ళు లేరని వేరే చెప్పక్కర్లేదు. 1,193 మంది సాక్షుల మాటలు విన్నారు. 1894లో ఏడు సంపుటాల నివేదిక వచ్చింది. మితంగా వాడితే పెద్ద హాని లేదని, పూర్తి నిషేధం అవసరమూ కాదు, ఉచితమూ కాదని అందులో తేల్చారు. గంజాయి అభిమానులు ఈ ముక్కని ఇప్పటికీ ఉత్సాహంగా ఉదహరిస్తుంటారు.

వాళ్ళు ఉదహరించని ముక్క ఇంకోటుంది. నిషేధం వద్దన్న కమిషనే, లైసెన్సు లేని సాగుని ఆపేయమంది. సాగునంతా వీలైనంత కొద్ది చోట్లకి కుదించి, పన్ను గట్టిగా వేయమంది. నమూనాగా వాళ్ళ కళ్ళ ముందున్నది బెంగాల్. అక్కడ రాజ్‌షాహీ జిల్లా నౌగావ్ చుట్టుపక్కల మాత్రమే, సర్కారు కాపలాలో గంజాయి పండేది. సర్కారు గోదాములో చేరి, సుంకం కట్టాకే బయటికి కదిలేది. ఇక మిగతా దేశంలో ఇళ్ళ పక్కన అక్కడో మొక్క ఇక్కడో మొక్కగా పెరిగేదాన్ని ఏం చేయాలన్నది అధికారుల తలనొప్పి. మద్రాసు రాజధానిలో పెరళ్ళలో పెరిగే మొక్కల ప్రస్తావన కూడా నివేదికలో కనిపిస్తుంది. కొందరు సాక్షులు దాన్ని నాటు మందుగా, పశువుల మందుగా వాడతారని చెప్పారు. పశువు జబ్బు చేసినప్పుడు ఏ ఆకు నూరాలో ఆ ఇళ్ళల్లో ఎవరికి తెలుసుంటుంది? ఆ మనిషి సాక్ష్యం ఏడు సంపుటాల్లో ఎక్కడా వినిపించదు. పన్ను కట్టని మొక్క పన్ను కట్టే మొక్కకి పోటీ. అంతవరకే ఆ పెరడు సర్కారు కంటికి ఆనింది. నీతి చర్చ లండన్‌లో జరిగింది. ఇక్కడ జరిగింది ఆబ్కారీ చర్చ.

1985లో మనం చేసుకున్న మాదకద్రవ్యాల చట్టం నీతినీ ఆబ్కారీనీ రెంటినీ మింగేసింది. మొక్క పూత గంజాయి, కాబట్టి నేరం. పూత లేకుండా విడిగా ఉన్న ఆకు ఆ నిర్వచనంలోకి రాదు, కాబట్టి ఉత్తరాదిన హోలీకి సర్కారు లైసెన్సు దుకాణంలో భంగు దొరుకుతుంది. ఆకు కోసమైనా సరే మొక్క నాటితే మాత్రం పదేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. దుకాణం ఉండవచ్చు, పెరడు ఉండకూడదు. 1894 నాటి ఆలోచన బతికే ఉందనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

మళ్ళీ కాలిఫోర్నియాకి వెళ్దాం. డయాన్ మొక్కలు నరికిన మూడు వారాలకి అదే రాష్ట్రంలో ఇంకో తోట నరికారు. ఈ తోట కథ కొంచెం తీరిగ్గా చెప్పుకోవాలి.

వాలెరీ కొరాల్‌కి 1973లో కారు ప్రమాదం జరిగింది. ఒక చిన్న విమానం మరీ కిందుగా ఎగురుతూ ఆమె కూర్చున్న కారు మీదికి రావడంతో బండి అదుపు తప్పింది. తలకి దెబ్బ తగిలి మూర్ఛలు మొదలయ్యాయి. రోజుకి నాలుగైదు సార్లు కూడా వచ్చేవి. డాక్టర్లిచ్చిన మందులతో మూర్ఛలు పూర్తిగా తగ్గలేదు గానీ మనిషి మాత్రం మత్తులో మునిగిపోయింది. భర్త మైక్ ఒక వైద్య పత్రికలో, ప్రయోగశాల జంతువుల్లో గంజాయి మూర్ఛల్ని అదుపు చేస్తుందన్న వ్యాసం చూశాడు. అక్కడినుంచి ఇద్దరూ సొంతంగా మొక్కలు పెంచుకోవడం మొదలుపెట్టారు. ఫలితం చూసుకుంటూ మందుల్ని ఒక్కొక్కటే తగ్గించుకుంది వాలెరీ. 1992లో అయిదు మొక్కలకి అరెస్టయింది. వైద్య అవసరం కోసమే పెంచానని కోర్టులో నిలబడి చెప్పింది. ప్రాసిక్యూషన్ కేసు వదులుకుంది. మరుసటి ఏడు మళ్ళీ అరెస్టు, మళ్ళీ కేసు వదిలేశారు.

పత్రికల్లో ఆమె పేరు చూసిన కాన్సర్ రోగులు, ఎయిడ్స్ రోగులు ఫోన్లు చేశారు. మాకూ కాస్త ఇస్తారా అని. ఆ ఫోన్ల నుంచి 1993లో ‘వో/మెన్స్ అలయన్స్ ఫర్ మెడికల్ మారువానా’ పుట్టింది. వామ్ అంటారు. పేరులో ఆ గీతని గమనించండి. స్త్రీలు ముందు, పురుషులు ఆ మాటలోనే కాస్త విడిగా. తొంభైల నాటి అమెరికన్ స్త్రీవాదం అక్షరాల్లో చేసిన చిలిపి పని అది. అయితే సంస్థలో మగవాళ్ళూ ఉన్నారు. చావుకి దగ్గరైన మగవాళ్ళు చాలామంది ఉన్నారు.

శాంతాక్రూజ్ పట్టణానికి ఉత్తరాన, సముద్రానికి దగ్గర్లోని కొండల్లో వాళ్ళ తోట. మొక్కలు అందరివీ. ఓపికున్నవాళ్ళు తవ్వుతారు, నీళ్ళు పెడతారు. కూర్చోగలిగినవాళ్ళు కూర్చుని పూత చుట్టూ ఉన్న ఆకు కత్తిరిస్తారు. ఏదీ చేయలేనివాళ్ళకి కూడా వాళ్ళ వాటా అందుతుంది. వారం వారం సమావేశంలో ఎవరి జబ్బు ఎలా ఉందో మాట్లాడుకుని ఆ వారానికి సరిపడా మందు తీసుకెళ్తారు. వెల లేదు. ఇచ్చుకోగలిగినవాళ్ళు చందా ఇస్తారు. ఎవరైనా చివరి దశకి వస్తే మిగతావాళ్ళు వంతులేసుకుని పక్కన కూర్చుంటారు. వెండీ చాప్‌కిస్ అనే స్త్రీవాద సామాజిక శాస్త్రవేత్త, రిచర్డ్ వెబ్‌తో కలిసి 2008లో ఈ సంస్థ మీద ఒక పుస్తకం తెచ్చింది. అంతకుముందు ఆమె పరిశోధన అందం రాజకీయాల మీద, సెక్స్ వర్కర్ల శ్రమ మీద. అలాంటి మనిషి ఈ తోట దగ్గరికి రావడం నాకు ఆశ్చర్యంగా అనిపించలేదు. అక్కడ కూడా ప్రశ్న సంరక్షణ అనే శ్రమ గురించే.

ఈ తోటలో రసాయనాలు వాడలేదు. నేల మీద భక్తి వల్లనే అనుకుంటే పొరపాటు. రోగనిరోధక శక్తి పడిపోయిన మనిషి పీల్చబోయే పూత మీద పురుగుమందు ఉండకూడదు. నేలని గౌరవించడం అక్కడ ఆదర్శం కావడానికి ముందు అవసరం.

2002 సెప్టెంబర్ 5 తెల్లవారుజామున ఆయుధాలతో ఫెడరల్ ఏజెంట్లు వచ్చారు. కొరాల్ దంపతులకి సంకెళ్ళు వేసి తీసుకెళ్ళారు. 167 మొక్కల్ని రంపాలతో కోసేశారు. వార్త తెలిసిన సభ్యులు చక్రాల కుర్చీల్లో, కర్రల సాయంతో వచ్చి దారికి అడ్డం నిలబడ్డారు. లోపలున్న ఏజెంట్లు చాలాసేపు బయటికి కదల్లేకపోయారు. ఆ దంపతుల మీద ఏ నేరారోపణా ఎప్పుడూ దాఖలు కాలేదు. పన్నెండు రోజుల తర్వాత శాంతాక్రూజ్ నగరపాలక సభ్యులు తమ కార్యాలయం ఆవరణలోనే నిలబడి రోగులకి గంజాయి పంచనిచ్చారు. పైన హెలికాప్టర్లు తిరుగుతున్నాయి. 2004లో ఒక ఫెడరల్ జడ్జి ఈ తోట జోలికి వెళ్ళొద్దని ఉత్తర్వు ఇచ్చాడు. మరుసటి ఏడాది డయాన్, ఏంజెల్‌ల కేసులో సుప్రీం కోర్టు తీర్పు వచ్చి ఆ ఉత్తర్వుకి కాళ్ళు లేకుండా చేసింది.

2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, పిల్లల్లో వచ్చే తీవ్రమైన రెండు రకాల మూర్ఛలకి గంజాయి మొక్క నుంచి తీసిన ఒక మందుకి అనుమతి ఇచ్చింది. ఏడాదికి దాదాపు 32,500 డాలర్లని కంపెనీ ధర ప్రకటించింది. వాలెరీ పెరట్లో పెరిగిందీ, సీసాలో వచ్చిందీ ఒకటే అనడం లేదు. శుద్ధి చేసిన పదార్థం వేరు, మొక్క వేరు. క్లినికల్ పరీక్షల విలువ నాకు తెలుసు. గంజాయి అందరికీ మంచిదన్న ప్రచారం మీద నాకు నమ్మకం లేదు, ముఖ్యంగా చిన్న వయసువాళ్ళ విషయంలో. అయినా డెబ్బైల్లో ఒక రోగి తన ఒంటి మీద తను చూసుకుంటూ కూడబెట్టుకున్న జ్ఞానం ఏ ఖాతాలో జమైంది అన్న ప్రశ్న మిగిలే ఉంది.

ఇప్పుడు నేల సంగతి. అమెరికాలో ఇంట్లో గంజాయి పెంచుకునేవాళ్ళలో ఒక వర్గం ‘లివింగ్ సాయిల్’ అన్న మాట పట్టుకు తిరుగుతుంది. మట్టిని దున్నరు, ప్రతి పంటకీ పారేయరు, పైన ఆకులలం కప్పుతారు, వానపాముల్ని పెంచుతారు, బెల్లం లాంటి తీపి కలిపి పులియబెట్టిన ద్రావణాలు పోస్తారు. మన జీవామృతం తెలిసినవాళ్ళకి ఇదేం వింత కాదు. దీన్ని ప్రాచీన జ్ఞానం అని వాళ్ళు మురిసిపోతుంటారు. ఆ మాట మాత్రం ఈవ్ బాల్ఫర్ అనే ఇంగ్లీషు మహిళా రైతు 1943లో రాసిన పుస్తకం పేరు. బాల్ఫర్‌ని నడిపించిన వాటిల్లో ఆల్బర్ట్ హోవార్డ్ కంపోస్టు పని ముఖ్యమైంది. ఆ పని జరిగింది మన ఇందూరులో.

హోవార్డ్‌ని సేంద్రియ వ్యవసాయ పితామహుడు అంటారు. పితామహుడు దొరికిన ప్రతిచోటా పక్కన ఎవరున్నారా అని చూడటం మన అలవాటు కదా. గాబ్రియెల్ మాతై 1876లో పుట్టింది. కేంబ్రిడ్జి న్యూనం కాలేజీలో చదివిన వృక్షశాస్త్రవేత్త. ఆ విశ్వవిద్యాలయం ఆడవాళ్ళకి పూర్తి డిగ్రీలు ఇవ్వడం మొదలుపెట్టింది 1948లో. ఉష్ణోగ్రతకీ కిరణజన్య సంయోగక్రియకీ ఉన్న సంబంధం మీద ఆమె చేసిన ప్రయోగాలకి అప్పటికే శాస్త్ర లోకంలో పేరుంది. 1905లో బొంబాయి వచ్చి హోవార్డ్‌ని పెళ్ళి చేసుకుంది. బీహార్‌లోని పూసా పరిశోధన కేంద్రంలో ఏళ్ళ తరబడి భర్తతో సమానంగా పనిచేసింది. 1910లో ఉద్యోగమంటూ ఇచ్చినప్పుడు అది భర్తకి ‘పర్సనల్ అసిస్టెంట్’ ఉద్యోగం. 1913లో గానీ ‘రెండవ’ వృక్షశాస్త్రజ్ఞురాలు కాలేదు. గోధుమ మీద పుస్తకం ఇద్దరి పేర్లతో వచ్చింది. నార మొక్కల మీద చేసిన పని కూడా ఇద్దరిదీ. అందులో మన గోగు ఉంది. గోగు శాస్త్రీయ నామం హైబిస్కస్ కన్నాబినస్. చీలికలుగా ఉన్న ఆకు గంజాయి ఆకులా ఉంటుందని ఆ పేరు. గంజాయిని వనానికి పంపేశాం గానీ దాని పేరు మన పచ్చడి జాడీ పక్కనే కూర్చునుంది.

గాబ్రియెల్ 1930లో చనిపోయింది. మరుసటి ఏడాది ఇందూరు కంపోస్టు పద్ధతి మీద పుస్తకం వచ్చింది, హోవార్డ్, యశ్వంత్ వాడ్ పేర్లతో. 1940లో వచ్చిన హోవార్డ్ ప్రసిద్ధ గ్రంథంలో ఆమెకి దక్కింది అంకితం. ఆమె పోయాక అతను గాబ్రియెల్ చెల్లెలు లూయీజ్‌ని పెళ్ళాడాడు. లూయీజ్ గ్రీకు విషాద నాటకాల మీద 1918లో పుస్తకం రాసిన మనిషి. భర్త పోయాక అతని భారతదేశపు పని మీద 1953లో ఒక పుస్తకం రాసింది. సాహిత్య విమర్శకురాలు భర్త ఎరువు చరిత్రకారిణిగా స్థిరపడింది. ఇది త్యాగమో, ఇష్టమో బయటినుంచి చెప్పడం కష్టం. భారతీయ రైతులే తన ఆచార్యులన్నట్టు హోవార్డ్ రాశాడు. ఆ రైతుల ఇళ్ళల్లో పేడ ఎత్తేదీ, పెంటకుప్ప మీద బూడిదా కసవూ వేసేదీ ఎవరు? ఆ ఆచార్యురాళ్ళకి అంకితం కూడా లేదు.

గంజాయి మొక్కలో ఆడదీ మగదీ వేరు. మనం తాటిచెట్టుని పోతుతాడి, పెంటితాడి అంటాం, కాయ కాసేది పెంటి. ఇంగ్లండు పల్లెల్లో నారకోసం పెంచిన ఈ మొక్క విషయంలో తిరగేసి పిలిచారు. సన్నగా ఉండి, పుప్పొడి రాల్చి ముందే వాడిపోయే మగ మొక్కకి ‘ఫింబుల్’ అని పేరు, ఆడది అన్న అర్థం నుంచి వచ్చిన మాట. బలంగా ఎదిగి విత్తనం మోసేదాన్ని ‘కార్ల్’ అన్నారు, అంటే మగవాడు. కళ్ళ ముందు కాయ కాస్తున్నా సరే, బలమైనది కాబట్టి మగదే! 1694లో కమెరేరియస్ గంజాయితో సహా కొన్ని మొక్కల మీద ప్రయోగాలు చేసి మొక్కల్లో లింగభేదం నిరూపించాకా ఆ పేర్లు వెంటనే పోలేదు.

ఇప్పుడు పరిస్థితి తలకిందులు. మత్తుకీ మందుకీ పనికొచ్చే జిగురు ఆడ పూతలో ఎక్కువ. పుప్పొడి తగిలితే విత్తనం పడుతుంది, జిగురు తగ్గుతుంది. అందుకని మగ మొక్క కనపడగానే పీకేస్తారు. దీంతో ‘ఆడ మొక్క’, ‘దేవత’, ‘అమ్మ మొక్క’ అంటూ ఒక భజన మొదలైంది. కొందరు అమెరికన్ స్త్రీవాదులు కూడా తాళం వేస్తున్నారు. నాకది నచ్చదు. గర్భం దాల్చకుండా ఆపి, ఆ నిరీక్షణలో ఊరిన జిగురుని అమ్ముకోవడాన్ని మాతృపూజ అనడానికి ఏదో ధైర్యం కావాలి. పైగా ఆ దేవత పూతని కత్తిరించే ఆడవాళ్ళ సంగతేమిటి? హంబోల్ట్, మెండసీనో, ట్రినిటీ కౌంటీల కొండల్లోకి ఏటా కోతల కాలంలో కూలీలు వస్తారు. నిషేధం వల్ల తోటలు రహస్యంగా ఉంటాయి, ఫోన్ అందదు, పోలీసుల దగ్గరికి వెళ్ళడానికి ఉండదు. అక్కడ కత్తిరింపు పనికొచ్చిన యువతుల మీద జరిగిన లైంగిక హింసని 2016లో షోషానా వాల్టర్ అనే పాత్రికేయురాలు పరిశోధించి బయటపెట్టింది. సేంద్రియ తోట అయినంత మాత్రాన అందులో పనిచేసే ఆడదానికి భద్రత ఉంటుందని ఎవరూ అనుకోకూడదు. శాంతాక్రూజ్ తోటని నేను గుర్తుపెట్టుకునేది అక్కడి మట్టి కోసం కాదు. కోసేదీ, కత్తిరించేదీ, తినేదీ, పీల్చేదీ ఒకరే కావడం కోసం.

2016లో కాలిఫోర్నియా మళ్ళీ ఓటేసింది. ఈసారి జబ్బుతో పని లేకుండా 21 ఏళ్ళు నిండినవాళ్ళు గంజాయి కలిగి ఉండవచ్చునంది. ఇంట్లో ఎన్ని మొక్కలు పెంచుకోవచ్చంటే, ఆరు. డయాన్ దగ్గర నరికినవన్ని. 2018 జనవరి నుంచి లైసెన్సులు, పరీక్షలు, పన్నులు వచ్చాయి. ఔన్సు పూతకి 9 డాలర్ల 25 సెంట్ల సాగు పన్ను. ఉచితంగా పంచే మందుకి మినహాయింపు రాయాలని చట్టం రాసినవాళ్ళకి తోచలేదు. పాతికేళ్ళుగా పోలీసుల్ని తట్టుకుని నిలబడ్డ ఉచిత పంపకాలు పన్ను కట్టలేక కుంటుపడ్డాయి. దాన్ని సరిచేసే చట్టం మీద 2019 అక్టోబర్‌లో సంతకం అయింది. మరుసటి ఏడు అమల్లోకి వచ్చింది. దానికి ఇద్దరి పేర్లు పెట్టారు. ఒకరు డెన్నిస్ పెరోన్. రెండో మనిషి శాన్‌ఫ్రాన్సిస్కోలో హోటల్ సర్వర్‌గా బతికిన మేరీ రాత్‌బన్. ఎయిడ్స్ వార్డులోని కుర్రాళ్ళకి తన వంటింట్లో గంజాయి కేకులు కాల్చి పంచినందుకు అరెస్టులు చూసి, 1999లో చనిపోయింది.

సాగు పన్ను మొత్తంగా 2022 జులై 1న రద్దయింది. ఈసారి అడిగింది వ్యాపారులు.